రాజ్యాంగం రాసిన చెయ్యి, అప్పులవాళ్లకు దొరక్కుండా తిరిగిన న్యాయమూర్తి: జేమ్స్ విల్సన్ ఎవరు?

క్లుప్తంగా: జేమ్స్ విల్సన్ (1742–1798) అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీదా, రాజ్యాంగం మీదా సంతకం పెట్టిన ఆరుగురిలో ఒకరు. దేశాధ్యక్షుణ్ని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని 1787లో రాజ్యాంగం రాసిన సదస్సులో పట్టుబట్టారు. అది సాగకపోయేసరికి ఎలక్టర్ల (అధ్యక్షుణ్ని ఎన్నుకోవడానికే ఎంపికయ్యే ప్రతినిధుల) పద్ధతిని సభ ముందు పెట్టిందీ ఆయనే. సుప్రీంకోర్టు తొలి న్యాయమూర్తుల్లో ఒకరై, ఆ పదవిలో ఉండగానే అప్పు కేసుల్లో జైలుకెళ్లి, సొంత ఊరికి దూరంగా కన్నుమూశారు. ఆయన వాదనలు, ఆయన రాజీలు, ఆయన అప్పులు కలిపి చూస్తే అమెరికా రాజ్యాంగంలో ఇప్పటికీ గజిబిజిగా కనిపించే కొన్ని ముడులు విడిపోతాయి.

నాలుగేళ్లకోసారి అమెరికా అధ్యక్ష ఎన్నికలు వచ్చినప్పుడల్లా తెలుగు ఇళ్లలో ఒక ప్రశ్న మళ్లీ మొదలవుతుంది. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లు ఓడిపోవడమేమిటి? 2000లో అల్ గోర్‌కు ప్రత్యర్థి కంటే 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ పడ్డాయి. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఎక్కువ పడ్డాయి. ఇద్దరూ ఓడిపోయారు. అక్కడ లెక్కకొచ్చేది 538 మంది ఎలక్టర్ల ఓట్లు. అందులో 270 ఎవరికి వస్తే వాళ్లదే వైట్‌హౌస్. పిల్లలు అక్కడ స్థిరపడి, పౌరసత్వం తీసుకుని ఓటేస్తున్న కుటుంబాల్లో కూడా ఈ పద్ధతి ఎందుకు ఇలా ఉందో చెప్పగలిగేవాళ్లు తక్కువే.

జవాబు వెతుక్కుంటూ వెనక్కి వెళితే 1787 జూన్‌లో ఒక స్కాటిష్ లాయరు దగ్గర ఆగాల్సి వస్తుంది. మొదటి ప్రపంచయుద్ధం నాటి అధ్యక్షుడు వుడ్రో విల్సన్ వేరు, ఈయన వేరు. ఇద్దరికీ మధ్య వందేళ్లకు పైగా తేడా ఉంది. 2026 జూలై 4కి స్వాతంత్ర్య ప్రకటన వెలువడి 250 ఏళ్లు. వాషింగ్టన్, జెఫర్సన్, ఫ్రాంక్లిన్ పేర్లు ఎలాగూ వినిపిస్తాయి. అవసరానికి తగ్గట్టు వినిపించని పేరు విల్సన్‌ది.

రైతు బిడ్డ, అరువు దేశం

విల్సన్ 1742 సెప్టెంబరు 14న స్కాట్లాండ్‌లోని ఫైఫ్ ప్రాంతంలో, కార్స్‌కెర్డో అనే పొలం మీద పుట్టారు. తండ్రి రైతు. కొడుకును చర్చి బోధకుణ్ని చేయాలన్నది ఇంట్లోవాళ్ల కోరిక. స్కాలర్‌షిప్ మీద సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీలో చేరారు గానీ తండ్రి పోవడంతో ఆ దారి మూసుకుపోయింది. 1765లో సముద్రం దాటి అమెరికా వచ్చారు. ఫిలడెల్ఫియా కాలేజీలో కొన్నాళ్లు పాఠాలు చెప్పి, పేరున్న లాయరు జాన్ డికిన్సన్ ఆఫీసులో చేరి న్యాయశాస్త్రం నేర్చుకున్నారు. అప్పట్లో లా కాలేజీలు లేవు. సీనియర్ దగ్గర ఫీజు కట్టి, దస్తావేజులు నకలు రాస్తూ, పుస్తకాలు చదువుతూ నేర్చుకోవడమే.

1767లో లాయరై మొదట రీడింగ్‌లో, తర్వాత కార్లైల్‌లో ప్రాక్టీసు పెట్టారు. కార్లైల్ అప్పటికి పెన్సిల్వేనియా పడమటి అంచు. అడవి నరికి పొలం చేసుకుంటున్న వలసదారులు, సరిగ్గా తేలని సరిహద్దులు, ఒకే భూమికి ఇద్దరి చేతుల్లో కాగితాలు ఉండే చోటు. అలాంటి చోట లాయరుకు పనికి కొదవ ఉండదు. కొన్నేళ్లలోనే ఆ కౌంటీ కోర్టు కేసుల్లో దాదాపు సగం ఆయన చేతికొచ్చాయి. ఎక్కువ భాగం భూ తగాదాలే. భూమి విలువ ఎలా పుడుతుందో, కాగితం మీది హక్కు చేతులు మారుతూ ఎలా పెరుగుతుందో ఆయన నేర్చుకున్నది ఇక్కడే. తర్వాత ఆయన్ను ముంచింది కూడా ఈ చదువే.

ఒకే రాజు, వేర్వేరు చట్టసభలు

విల్సన్ పేరు మొదట బయటికొచ్చింది 1774లో అచ్చయిన ఒక కరపత్రంతో. రాసింది 1768లోనే. ఆరేళ్లు దాచిపెట్టుకోవడానికి కారణం, అందులోని వాదన అప్పటికి మరీ ముందుకు పోయింది. వలసల (అమెరికాలో బ్రిటిష్ ఏలుబడిలోని ప్రాంతాల) నాయకుల్లో చాలామంది అప్పట్లో బ్రిటిష్ పార్లమెంటుకు పన్ను వేసే అధికారం లేదు గానీ వ్యాపారాన్ని నియంత్రించే అధికారం ఉందనేవారు. విల్సన్ కూడా ఆ రెండింటి మధ్య గీత గీద్దామనే మొదలుపెట్టారు. రాస్తూ పోగా గీత ఎక్కడా నిలవదని తేలింది. మనుషులంతా పుట్టుకతో సమానులు, స్వతంత్రులు. ఒప్పుకోనివాళ్ల మీద ఎవరికీ అధికారం లేదు. వలసల జనం పార్లమెంటుకు ఓటేయలేదు కాబట్టి పార్లమెంటుకు వాళ్ల మీద ఏ అధికారమూ లేదు. వాళ్లను ఇంగ్లండ్‌తో కలిపి ఉంచేది రాజు ఒక్కడే.

ఒకే రాజు కింద సమాన హోదాతో వేర్వేరు చట్టసభలు అనే ఈ ఏర్పాటు భారతీయులకు కొత్త కాదు. 1947 ఆగస్టు నుంచి 1950 జనవరి దాకా మన దేశం ఉన్న డొమినియన్ హోదా సరిగ్గా ఇదే పద్ధతి. బ్రిటన్ ఆ ఆలోచనకు రావడానికి ఒకటిన్నర శతాబ్దం పట్టింది. 1774లోనే వచ్చి ఉంటే అమెరికా చరిత్ర వేరేలా ఉండేదేమో.

1776లో స్వాతంత్ర్యం మీద ఓటింగ్ వచ్చేనాటికి విల్సన్ వలసల ప్రతినిధుల సభ అయిన కాంటినెంటల్ కాంగ్రెస్‌లో ఉన్నారు. జూలై 1న పెన్సిల్వేనియా ప్రతినిధులు 4–3తో వ్యతిరేకంగా ఓటేశారు. విల్సన్, ఫ్రాంక్లిన్, జాన్ మోర్టన్ అనుకూలం. మర్నాడు డికిన్సన్, రాబర్ట్ మోరిస్ ఓటింగ్‌కు దూరంగా ఉండిపోవడంతో లెక్క 3–2గా తిరగబడింది. తనకు న్యాయశాస్త్రం నేర్పిన డికిన్సన్‌కు ఎదురుగా ఓటేయాల్సి వచ్చిందన్నమాట.

మూడో వీధి ముట్టడి

ప్రజలే అధికారానికి మూలం అని రాసిన మనిషి మీదికి ప్రజలే తుపాకులతో వచ్చిన రోజు ఒకటుంది. 1779 అక్టోబరు 4.

యుద్ధం నడుస్తోంది. కాగితపు డబ్బు విలువ పడిపోయి సరుకుల ధరలు ఆకాశంలో ఉన్నాయి. ధరలకు కట్టడి పెట్టాలని ఫిలడెల్ఫియా మిలీషియా (పౌర సైన్యం) సైనికుల డిమాండు. విల్సన్ ఆ కట్టడికి వ్యతిరేకి. దానికి తోడు, బ్రిటిష్ వాళ్లకు సాయం చేశారని రాజద్రోహం కేసులు ఎదుర్కొన్నవాళ్ల తరఫున 1778లో కోర్టులో వాదించారు. యుద్ధంలో అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నవాళ్లకు అది ఎలా కనిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. నిందితుడికి లాయరు ఉండాలన్నది న్యాయశాస్త్రంలో మొదటి పాఠమే. ఆకలి మీదున్న ఊరికి ఆ పాఠం చెవికెక్కదు.

మూడో వీధి, వాల్‌నట్ వీధి కలిసే మూల మీద ఆయన ఇల్లు. విల్సన్, ఆయన స్నేహితులు లోపల తలుపులు బిగించుకుని ఆయుధాలతో కూర్చున్నారు. బయట మిలీషియా. కాల్పులు మొదలయ్యాయి. లోపలి నుంచి ఒక కెప్టెన్, బయట కొందరు సైనికులు చనిపోయారు. తలుపు విరగ్గొట్టి గుంపు లోపలికి చొరబడే సమయానికి, రాష్ట్ర కార్యనిర్వాహక మండలి అధ్యక్షుడు జోసెఫ్ రీడ్ గుర్రపు దళంతో వచ్చి విడదీశారు. రీడ్ రాజకీయంగా విల్సన్‌కు ఎదుటి పక్షం. తర్వాత రెండు వైపులా క్షమాభిక్ష పెట్టి కేసులు మూసేశారు. ఆ ఇంటికి ‘ఫోర్ట్ విల్సన్’ అనే పేరు మిగిలింది.

ఎనిమిదేళ్ల తర్వాత రాజ్యాంగ సదస్సులో ఇదే మనిషి ప్రజలకు నేరుగా ఓటు హక్కు ఇవ్వాలని మిగతా అందరికంటే గట్టిగా వాదించడం ఆయన జీవితంలో అన్నిటికంటే ఆశ్చర్యమైన విషయం. గుంపును చూసినవాళ్లు సాధారణంగా ప్రజల మీద నమ్మకం పోగొట్టుకుంటారు. ఆ సదస్సులో చాలామంది అలాగే పోగొట్టుకున్నారు. విల్సన్ ఆలోచన వేరు. పిరమిడ్ ఎంత ఎత్తు కట్టాలంటే పునాది అంత వెడల్పు ఉండాలని ఆయన సభలో చెప్పారు. ప్రభుత్వానికి బలం కావాలంటే అది జనం నుంచి నేరుగా రావాలి. ఆయన కోరుకున్నది బలహీనమైన ప్రభుత్వం కాదు. చాలా బలమైన కేంద్రం. ఆ బలానికి అనుమతి మాత్రం రాష్ట్రాల నుంచి కాకుండా మనుషుల నుంచి రావాలన్నదే తేడా.

అధ్యక్షుణ్ని ఎవరు ఎన్నుకోవాలి?

1787 మే నుంచి సెప్టెంబరు దాకా ఫిలడెల్ఫియాలో జరిగిన సదస్సుకు 55 మంది ప్రతినిధులు వచ్చారు. చర్చలు రహస్యం. వర్జీనియా ప్రతినిధి జేమ్స్ మాడిసన్ రాసుకున్న నోట్సు వల్ల ఏ రోజు ఎవరేమన్నారో తెలుస్తోంది. విల్సన్ 168 సార్లు లేచి మాట్లాడారు. ఆయన కంటే ఎక్కువసార్లు మాట్లాడింది పెన్సిల్వేనియాకే చెందిన గవర్నూర్ మోరిస్ ఒక్కరే (గవర్నూర్ అన్నది పేరే, పదవి కాదు).

జూన్ 1న విల్సన్ దేశ పాలనాధికారం ఒక్క వ్యక్తి చేతిలో ఉండాలని ప్రతిపాదించారు. సభ ఒక్కసారిగా మూగబోయింది. అప్పుడే ఒక రాజును వదిలించుకున్న జనం వాళ్లంతా. ఇది ముఖ్యమైన విషయం, ఓటుకు పెట్టేముందు మనసులో మాట చెప్పండని వృద్ధుడైన ఫ్రాంక్లిన్ అడగాల్సి వచ్చింది. వర్జీనియా ప్రతినిధి ఎడ్మండ్ రాండాల్ఫ్ దీన్ని ‘రాచరికపు పిండం’ అన్నారు, ముగ్గురు ఉండాలన్నారు. ముగ్గురైతే ఒకరి మీద ఒకరు నెపం వేసుకుంటూ పోతారు, ఒక్కడైతే తప్పు ఎవరిదో జనానికి తెలుస్తుంది అన్నది విల్సన్ వాదన. జూన్ 4న అది 7–3తో నెగ్గింది (ఓటు రాష్ట్రానికి ఒకటి). ఇవాళ ప్రపంచంలో ఎక్కడ అధ్యక్ష తరహా పాలన ఉన్నా దాని మూలం ఆ ఓటింగ్‌లో ఉంది.

ఆ ఒక్కణ్ని ఎన్నుకునేది ఎవరన్న దగ్గర కథ అడ్డం తిరిగింది. ప్రజలే ఎన్నుకోవాలని విల్సన్ అన్నారు. న్యూయార్క్, మసాచుసెట్స్ రాష్ట్రాల్లో గవర్నర్లను జనం నేరుగా ఎన్నుకుంటున్నారు, ఇబ్బందేమీ రాలేదు కదా అని ఉదాహరణ చూపించారు. సభలో ఎక్కువమందికి రుచించలేదు. దేశం పెద్దది, రోడ్లు లేవు, మసాచుసెట్స్ నాయకుడి పేరు జార్జియా రైతుకు తెలియదు. వర్జీనియా ప్రతినిధి జార్జ్ మేసన్ అయితే దీన్ని గుడ్డివాడికి రంగులు చూపించి తేల్చమనడంతో పోల్చారు. అధ్యక్షుణ్ని కాంగ్రెసే ఎన్నుకుంటే పోతుందన్నది ఎక్కువమంది మాట. కాంగ్రెస్ ఎన్నుకుంటే అధ్యక్షుడు దాని చెప్పుచేతల్లో ఉంటాడని విల్సన్ భయం.

జూన్ 2న ఆయన మధ్యేమార్గం ఒకటి తెచ్చారు. రాష్ట్రాలను జిల్లాలుగా విడగొట్టి, జిల్లాకు కొందరు ఎలక్టర్లను జనం ఎన్నుకుంటే, ఆ ఎలక్టర్లు అధ్యక్షుణ్ని ఎన్నుకుంటారు. ఆరోజు అది 8–2తో ఓడిపోయింది. జూలై 17న నేరుగా ప్రజా ఎన్నిక అనే ప్రతిపాదన మళ్లీ వస్తే ఒక్క పెన్సిల్వేనియా తప్ప ఎవరూ బలపరచలేదు. సదస్సు ఈ ఒక్క విషయం మీద నెలల తరబడి ముందుకూ వెనక్కూ ఊగింది. చివరికి సెప్టెంబరు మొదటి వారంలో ఒక కమిటీ ఎలక్టర్ల పద్ధతినే మార్పులతో తీసుకొచ్చింది. జిల్లాల వారీ ఎన్నిక పోయింది. ఎలక్టర్లను ఎలా ఎంచుకోవాలో రాష్ట్ర శాసనసభల ఇష్టానికి వదిలేశారు. రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ రాష్ట్రం ఎలక్టర్లంతా ఒకే పార్టీకి పోయే పద్ధతి తర్వాత పుట్టింది ఈ సందులోంచే. తాము తేల్చాల్సిన వాటన్నిటిలోకీ కష్టమైనది ఇదేనని విల్సన్ ఆ రోజుల్లో సభలో ఒప్పుకున్నారు.

సెనేటర్లను కూడా జనమే నేరుగా ఎన్నుకోవాలన్నది ఆయన కోరిక. అప్పుడు ఒప్పుకోలేదు. 1913లో 17వ సవరణతో అది నిజమైంది. అధ్యక్షుడి ఎన్నిక మాత్రం అక్కడే ఆగిపోయింది.

అయిదింట మూడు వంతులు

నేరుగా ఎన్నికకు అడ్డుపడింది దూరాలు, అజ్ఞానం మాత్రమే కాదు. జూలై 19న మాడిసన్ అసలు సంగతి మాటల్లో పెట్టారు. ఉత్తరాది రాష్ట్రాల్లో ఓటు హక్కు ఎక్కువమందికి ఉంది. దక్షిణాదిన జనాభాలో పెద్ద భాగం బానిసలు, వాళ్లకు ఓటు లేదు. తలలు లెక్కపెట్టి అధ్యక్షుణ్ని ఎన్నుకుంటే దక్షిణాది వెనకబడుతుంది. ఎలక్టర్లయితే ఆ చిక్కు ఉండదు.

ఎందుకు ఉండదంటే, రాష్ట్రానికి ఎంతమంది ఎలక్టర్లన్నది దాని ప్రతినిధుల సభ సీట్లకు ఇద్దరు సెనేటర్లను కలిపిన సంఖ్య. సీట్లు జనాభాను బట్టి. ఆ జనాభాలో బానిసలను అయిదుగురికి ముగ్గురి చొప్పున లెక్కేశారు. ఈ నిష్పత్తిని జూన్ 11న సదస్సులో ప్రతిపాదించింది విల్సనే. 1783లో పన్నుల కోసం పాత కాంగ్రెస్ ప్రతిపాదించిన లెక్క అది. దాన్నే తెచ్చి సీట్లకు అతికించారు. నెల తిరిగేసరికి ఆయనకే అది మింగుడు పడలేదు. బానిసలను పౌరులుగా లెక్కేస్తున్నారా? అయితే తెల్లవాళ్లతో సమానంగా ఎందుకు లెక్కేయరు? ఆస్తిగానా? అయితే మిగతా ఆస్తులను ఎందుకు లెక్కేయరు? జూలై 11న సభలో ఇలా అడిగి, రాజీ అవసరం కాబట్టి ఈ చిక్కులను పక్కన పెట్టక తప్పదన్నారు.

పక్కన పెట్టిన చిక్కు ఎంత పెద్దదో రెండు రాష్ట్రాలను పక్కపక్కన పెడితే కనిపిస్తుంది. 1790 జనాభా లెక్కల్లో పెన్సిల్వేనియాలో బానిసలు కానివాళ్లు సుమారు 4.31 లక్షలు. వర్జీనియాలో సుమారు 4.55 లక్షలు. పెద్ద తేడా లేదు. వర్జీనియాలో ఇంకో 2.92 లక్షల మంది బానిసలు. ఓటు లేని, కూలీ లేని, పేరు కూడా లెక్కల్లో రాయని మనుషులు. ఆ లెక్కల ఆధారంగా వర్జీనియాకు 21 మంది ఎలక్టర్లు, పెన్సిల్వేనియాకు 15 మంది వచ్చారు. మొదటి 36 ఏళ్లలో 32 ఏళ్లు దేశాన్ని ఏలింది వర్జీనియా వాళ్లే కావడానికి ఇదొక్కటే కారణం కాకపోవచ్చు గానీ, ఈ ఆరు ఓట్ల తేడా ఎవరి చెమట మీద వచ్చిందో మర్చిపోకూడదు. ప్రజల సమ్మతి లేని అధికారం చెల్లదని 1774లో అచ్చేసిన మనిషి చేతి మీదుగా ఈ లెక్క వచ్చింది. విల్సన్ జీవితంలో దీన్ని మించిన మచ్చ లేదు. చివరి రోజుల అప్పులు కూడా దీని తర్వాతే.

జనాభాను ఎలా లెక్కేయాలన్నది రాజ్యాంగాల్లో ఎప్పుడూ నిప్పులాంటి ప్రశ్నే. మన రాష్ట్రపతిని ఎన్నుకునేదీ ఎలక్టోరల్ కాలేజీయే. అందులో ఎమ్మెల్యే ఓటు విలువను 1971 జనాభాతో కడతారు. 2022 ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132. పాత జనాభా లెక్కను అలాగే స్తంభింపజేసి ఉంచడం వెనక, కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదన్న కారణం ఉంది. అమెరికా లెక్క వెనక బానిసత్వం ఉంది. రెండూ ఒకటి కావు. సూత్రంలో ఒక చిన్న అంకె దశాబ్దాల అధికారాన్ని నిర్ణయించగలదన్న సంగతి మాత్రం రెండు చోట్లా ఒకటే.

సదస్సులో తొలి ముసాయిదా రాసిన అయిదుగురి కమిటీలో విల్సన్ ఉన్నారు. ‘ప్రజలమైన మేము’ అనే మొదలు ఆయన చేతిరాతలో ఉన్న ముసాయిదా కాగితాల్లో కనిపిస్తుంది. అక్కడ అది రాష్ట్రాల పేర్ల జాబితాతో సాగుతుంది. ఆ జాబితా తీసేసి దేశం మొత్తాన్ని ఒక్క మాటలోకి తెచ్చింది గవర్నూర్ మోరిస్. మన రాజ్యాంగ పీఠికలోని ‘భారత ప్రజలమైన మేము’ కూడా ఆ వరస నుంచి వచ్చినదే.

1787 డిసెంబరు 12న పెన్సిల్వేనియా 46–23తో రాజ్యాంగాన్ని ఆమోదించింది. నెగ్గించింది ప్రధానంగా విల్సన్ ప్రసంగాలే. ఆ నెలాఖరులో కార్లైల్‌లో రాజ్యాంగ వ్యతిరేకులు ఆయన దిష్టిబొమ్మ తగలబెట్టారు. ఆయన లాయరుగా పైకొచ్చిన ఊరే అది.

ప్రభుత్వం బాకీ పడితే

1789లో విల్సన్ ప్రధాన న్యాయమూర్తి పదవి కోరుతూ జార్జ్ వాషింగ్టన్‌కు స్వయంగా ఉత్తరం రాశారు. ఆ పదవి జాన్ జేకు వెళ్లింది. విల్సన్‌కు సహ న్యాయమూర్తి స్థానం దక్కింది. 1790 డిసెంబరులో ఫిలడెల్ఫియా కాలేజీలో ఆయన న్యాయశాస్త్ర ఉపన్యాసాలు మొదలుపెడితే మొదటిరోజు వినడానికి దేశాధ్యక్షుడే వచ్చారు.

న్యాయమూర్తిగా ఆయన తీర్పుల్లో నిలిచేది 1793 నాటి చిషోమ్ వర్సెస్ జార్జియా. స్వాతంత్ర్య యుద్ధంలో ఒక వ్యాపారి జార్జియా రాష్ట్రానికి సరుకు సప్లయి చేశాడు. డబ్బు రాలేదు. ఆయన చనిపోయాక, ఆస్తి వ్యవహారాలు చూసే వ్యక్తి సుప్రీంకోర్టులో దావా వేశాడు. తాను సార్వభౌమ రాష్ట్రాన్ని, తన మీద దావా చెల్లదని జార్జియా కోర్టుకు రావడానికే ఒప్పుకోలేదు.

కోర్టు 4–1తో వ్యాపారి పక్షాన నిలిచింది. విల్సన్ తన అభిప్రాయంలో సార్వభౌమ అనే మాటే అమెరికా రాజ్యాంగానికి తెలియదన్నారు. సార్వభౌములెవరైనా ఉంటే అది ప్రజలే. రాష్ట్రం కూడా వ్యాపారిలాగే ఒప్పందం చేసుకుంటుంది. నిజాయితీ లేని వ్యాపారి బాకీ ఎగ్గొడితే కోర్టుకు ఈడుస్తాం. రాష్ట్రం ఎగ్గొట్టి, నేను సార్వభౌమ రాష్ట్రాన్నని వేషం మారిస్తే వదిలేయాలా అని అడిగారు.

రాష్ట్రాలు భగ్గుమన్నాయి. యుద్ధకాలపు బాకీలు అన్ని రాష్ట్రాలకూ ఉన్నాయి. ఈ తీర్పు నిలిస్తే ఖజానాలు ఖాళీ. దీన్ని అమలు చేయడానికి వచ్చినవాణ్ని ఉరితీయాలని జార్జియా దిగువ సభ బిల్లు కూడా పాస్ చేసింది. రెండేళ్లు తిరక్కుండా, 1795 ఫిబ్రవరిలో, 11వ సవరణ తీర్పును తుడిచిపెట్టింది. సుప్రీంకోర్టు తీర్పును రాజ్యాంగ సవరణతో తిప్పికొట్టడం అమెరికాలో అదే మొదటిసారి. ఆ తీర్పులో ఏకైక అసమ్మతి నార్త్ కరోలినాకు చెందిన జేమ్స్ ఐర్‌డెల్‌ది. ఆ పేరు తర్వాత మళ్లీ వస్తుంది.

ఇదే ప్రశ్న మన కోర్టుల ముందూ నిలబడింది. రాజ్యాంగంలోని 300వ అధికరణ ప్రభుత్వం మీద దావాకు వీలు కల్పిస్తుంది. 1965లో కస్తూరిలాల్ కేసులో, పోలీసులు స్వాధీనం చేసుకున్న ఒక వ్యాపారి బంగారాన్ని హెడ్ కానిస్టేబుల్ ఎత్తుకుని పాకిస్తాన్ పారిపోయినా, అది సార్వభౌమ విధి కిందికి వస్తుంది కాబట్టి ప్రభుత్వానికి బాధ్యత లేదని సుప్రీంకోర్టు చెప్పింది. 1994లో ఆంధ్రప్రదేశ్ ఎరువుల వ్యాపారి ఒకరి కేసులో కథ మారింది. 1975లో అధికారులు సరుకు పట్టుకున్నారు. తిరిగి ఇవ్వమని ఆదేశాలొచ్చి ఆయన వెళ్లేసరికి ఎరువులు పాడైపోయి ఉన్నాయి. అధికారుల నిర్లక్ష్యానికి ప్రభుత్వం నష్టపరిహారం కట్టాల్సిందేనని, సార్వభౌమత్వం పేరుతో తప్పించుకోవడం ఈ కాలంలో చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. 1793లో విల్సన్ వేసిన ప్రశ్నకు రెండు శతాబ్దాల తర్వాత ఒక తెలుగు వ్యాపారి కేసులో దొరికిన జవాబు విల్సన్ వైపే మొగ్గింది.

భూమి మీద అప్పు, అప్పు మీద భూమి

జార్జియా బాకీ గురించి ఆ మాటలు రాస్తున్న సమయానికే విల్సన్ తలకు మించిన అప్పుల్లో ఉన్నారు.

వ్యాపారం ఇలా సాగేది. పడమటి అడవులను రాష్ట్ర ప్రభుత్వాలు చౌకగా అమ్మేవి. కొద్ది మొత్తం కట్టి వారంటు (భూమి హక్కు కాగితం) తీసుకుంటే చాలు, మిగతాది తర్వాత. ఆ కాగితాన్ని చూపించి మళ్లీ అప్పు, ఆ అప్పుతో ఇంకో పెద్ద ముక్క. మన దగ్గర రియల్ ఎస్టేట్ ఊపులో ఉన్నప్పుడు బయానా ఇచ్చి, అగ్రిమెంటు మీదే భూమి నాలుగు చేతులు మారినట్టు. యూరప్ నుంచి వలసలు పెరుగుతాయి, ఎకరం రేటు లేస్తుంది, అందరి బాకీలూ తీరిపోతాయన్నది లెక్క. విల్సన్ డచ్ పెట్టుబడిదారులతో ఒప్పందాలు చేసుకున్నారు, జార్జియాలో అవినీతికి మారుపేరైన యాజూ భూముల్లో వాటాలు కొన్నారు, పెన్సిల్వేనియాలో తన పేరు మీద విల్సన్‌విల్ అనే ఊరు కట్టి అక్కడ తెరచాపల గుడ్డ నేసే మిల్లు పెట్టారు. లక్షల ఎకరాలు ఆయన పేరు మీద ఉండేవి. చేతిలో రొక్కం ఉండేది కాదు.

1796లో ధరలు జారడం మొదలైంది. ఐరోపాలో యుద్ధం వల్ల వలసలు, పెట్టుబడులు మందగించాయి. 1797 ఫిబ్రవరిలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోట్లకు బంగారం ఇవ్వడం ఆపేయడంతో అట్లాంటిక్‌కు రెండు వైపులా అప్పు పుట్టడం మానేసింది. భూమి కొనేవాడు లేడు, వడ్డీ ఆగదు. విల్సన్ ఒక్కరే కాదు, విప్లవానికి డబ్బు సమకూర్చిన రాబర్ట్ మోరిస్ కూడా 1798లో అప్పులవాళ్ల జైలుకెళ్లి మూడేళ్లకు పైగా ఉన్నారు. ఇప్పుడైతే ఐపీ పెట్టి బయటపడొచ్చు. అమెరికాలో తొలి జాతీయ దివాలా చట్టం వచ్చింది 1800లో. అప్పటిదాకా బాకీదారు చేతుల్లో మనిషి ఒంటికి కూడా రక్షణ లేదు.

ఈడెంటన్‌లో ఆగస్టు

అప్పటి సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏడాదిలో ఎక్కువ రోజులు గుర్రపు బళ్ల మీద ఊరూరా తిరుగుతూ సర్క్యూట్ కోర్టులు నడపాలి. ఎప్పుడు ఏ ఊళ్లో కోర్టో ముందే అందరికీ తెలుసు, అప్పులవాళ్లకు కూడా. 1797లో విల్సన్ న్యూజెర్సీలోని బర్లింగ్టన్‌లో అప్పు కింద జైలు పాలయ్యారు. బయటికొచ్చి దక్షిణానికి, నార్త్ కరోలినాకు వెళ్లిపోయారు. అక్కడ మళ్లీ అరెస్టు. ఈసారి దావా వేసింది పియర్స్ బట్లర్, బాకీ 1,97,000 డాలర్లు. బట్లర్ మరెవరో కాదు, 1787 సదస్సులో సౌత్ కరోలినా ప్రతినిధి. పారిపోయిన బానిసలను యజమానులకు అప్పగించాలనే నిబంధన కోసం అదే హాల్లో మాట్లాడిన మనిషి.

జైలు నుంచి విడుదలయ్యాక విల్సన్ ఈడెంటన్ అనే చిన్న రేవు పట్టణంలో, కోర్టు పక్కనే ఉన్న హార్న్‌బ్లో సత్రంలో తలదాచుకున్నారు. రెండో భార్య హన్నా ఆయన దగ్గరికి వచ్చింది. 1793లో పెళ్లయ్యేనాటికి ఆమెకు 19, ఆయనకు 50 దాటాయి. ఎండాకాలం మలేరియా పట్టుకుంది, దాని మీద పక్షవాతం. 1798 ఆగస్టు 21న, 55 ఏళ్ల వయసులో, అప్పుల కలవరింతల మధ్య ప్రాణం పోయింది. చివరి రోజుల్లో ఆసరాగా నిలిచింది ఆ ఊరివాడైన ఐర్‌డెల్. చిషోమ్ కేసులో ఆయనతో ఏకీభవించని ఒకే ఒక్క న్యాయమూర్తి.

పేరు ఎందుకు నిలవలేదు?

చనిపోయిన తీరు ఒక కారణం. జైలుకెళ్లిన న్యాయమూర్తి విగ్రహం పెట్టడానికి ఏ ఊరూ ముందుకు రాదు. బలమైన కేంద్రాన్ని కోరిన ఫెడరలిస్టు పార్టీ కూడా ఆయన పేరెత్తడానికి మొహమాటపడింది. రెండో కారణం, ఆయన రాత చాలావరకు ప్రసంగాలు, ముసాయిదాలు. రాజ్యాంగాన్ని సమర్థిస్తూ హామిల్టన్, మాడిసన్ రాసిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లా చేత్తో పట్టుకుని చదివే పుస్తకం ఆయన బతికుండగా లేదు. ఉపన్యాసాలను కొడుకు బర్డ్ విల్సన్ 1804లో అచ్చు వేయించేనాటికి దేశం జెఫర్సన్ చేతికి వెళ్లిపోయింది. మూడోది, ఆయన ఏ గూటికీ చెందరు. బలమైన కేంద్రం కోరుకున్నారు కాబట్టి జెఫర్సన్ అభిమానులకు పడలేదు. నేరుగా ప్రజల ఓటు కోరుకున్నారు కాబట్టి హామిల్టన్ వారసులకూ పడలేదు.

ఆయన ఖాళీ చేసిన సుప్రీంకోర్టు స్థానం బుష్‌రాడ్ వాషింగ్టన్‌కు వెళ్లింది. ఆయన జార్జ్ వాషింగ్టన్ తమ్ముడి కొడుకు. 1782లో విల్సన్ ఆఫీసులోనే లా నేర్చుకున్నాడు. ఆ చదువుకు వంద గినీల ఫీజును జార్జ్ వాషింగ్టన్ నగదుగా ఇవ్వలేక ప్రామిసరీ నోటు రాసిచ్చారు.

ఈడెంటన్ బయట ఒక తోటలో విల్సన్ సమాధి వందేళ్లకు పైగా ఉండిపోయింది. 1906లో పెన్సిల్వేనియా వాళ్లు ఆ అస్థికలను ఓడ మీద ఫిలడెల్ఫియాకు తెచ్చి, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల సమక్షంలో క్రైస్ట్ చర్చి ఆవరణలో, మొదటి భార్య రాచెల్ పక్కన మళ్లీ పూడ్చారు. తుపాకుల మోత విన్న ఆ మూడో వీధి మూల అక్కడికి నడిచి వెళ్లేంత దూరమే.